వేసవిలో రీసెర్చ్ చేయాలంటే తుపాన్ల సీజన్లోనే దరఖాస్తు పెట్టాలి

మే నెలలో పరీక్షలు అయ్యాక "ఎక్కడన్నా రీసెర్చ్ ఇంటర్న్‌షిప్ దొరుకుతుందా" అని వెతకడం మొదలుపెడితే దొరకదు. ఆ వేసవి సీట్లు అంతకుముందు అక్టోబరుకీ మార్చికీ మధ్యనే నిండిపోతాయి. నెల్లూరు, కావలి, ఒంగోలు, మార్కాపురం కాలేజీల్లో బీఎస్సీ, బీటెక్ చదివే పిల్లలు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. వాళ్లకు మార్కులు ఉంటాయి, ఆసక్తి ఉంటుంది. కబురు అందేసరికి గడువు దాటిపోయి ఉంటుంది. రెండో నష్టం దరఖాస్తులో రాసే నాలుగు పేరాల దగ్గర జరుగుతుంది. దాని గురించి కాస్త వివరంగానే చెప్పుకోవాలి.

ముందు ఎక్కడెక్కడ ఏమున్నాయో చూద్దాం.

మన పిల్లలు అందరికంటే ముందు చూడాల్సింది మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఢిల్లీలోని ఇండియన్ నేషనల్ సైన్స్ అకాడమీ (ఇన్సా), ప్రయాగ్‌రాజ్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ (నాసి) కలిసి దీన్ని నడుపుతాయి. దరఖాస్తు బెంగళూరు అకాడమీ వెబ్‌సైట్లోనే. ఎంపికైతే దేశంలో ఏదో ఒక సంస్థలో ఒక శాస్త్రవేత్త దగ్గర రెండు నెలలు పనిచేస్తారు. నెలనెలా స్టైపెండ్ ఉంటుంది, రైలు ఛార్జీలు కూడా ఇస్తారు. దీని నోటిఫికేషన్ సాధారణంగా మన వైపు ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యే రోజుల్లోనే వచ్చేస్తుంది. సెప్టెంబరు మొదటి వారం నుంచి వారానికోసారి ఆ సైట్ తెరిచి చూస్తుండండి.

బెంగళూరు జక్కూరులోని జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్‌కు సొంత వేసవి ఫెలోషిప్ ఉంది. ముంబయిలోని టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్ఆర్‌లో వీఎస్ఆర్‌పీ అనే వేసవి కార్యక్రమం ఉంది. ఐఐటీలు దేనికది వేరు పేరుతో నడుపుతాయి: హైదరాబాద్‌లో ష్యూర్, కాన్పూర్‌లో సర్జ్, గాంధీనగర్‌లో ఎస్ఆర్ఐపీ, మద్రాసులో సమ్మర్ ఫెలోషిప్. మద్రాసు దానికి ఐఐటీ విద్యార్థులు దరఖాస్తు చేయకూడదు. అంటే అది బయటి కాలేజీల వాళ్ల కోసమే పెట్టింది. నెల్లూరు నుంచి పినాకిని ఎక్కితే అదే రోజు చేరే చోటు అది. ఐఐటీల ప్రకటనలు ఎక్కువగా జనవరి తర్వాత వస్తాయి. ఏ సంవత్సరం వాళ్లు అర్హులో ఒక్కో చోట ఒక్కో రకంగా ఉంటుంది. చాలాచోట్ల బీటెక్ మూడో సంవత్సరం వాళ్లకే అవకాశం. అర్హత పేరా చదవకుండా ఫారం నింపడం మొదలుపెట్టకండి.

విదేశం వైపు చూసేవాళ్లకు కెనడా యూనివర్సిటీల్లో పరిశోధన చేయించే మైటాక్స్ గ్లోబలింక్ ఉంది. అక్కడ 12 వారాల పని. దాని గడువు సెప్టెంబరులోనే ముగుస్తుంది, కాబట్టి రెండో సంవత్సరం పరీక్షలు అయిన వేసవిలోనే పాస్‌పోర్టుకు పెట్టుకోవాలి.

బీఎస్సీ పిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. ఇంటర్ బోర్డులో పై 1 శాతంలో ఉండి, బీఎస్సీలోగానీ ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీలోగానీ మౌలిక శాస్త్రాలు తీసుకున్నవాళ్లకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ షీ స్కాలర్‌షిప్ ఏడాదికి 80,000 రూపాయలు. అందులో 60,000 స్కాలర్‌షిప్, మిగతా 20,000 వేసవి ప్రాజెక్టుకు. ఆ 20,000 రావాలంటే ఒక పరిశోధకుడి దగ్గర ప్రాజెక్టు చేసి, రిపోర్టు, సర్టిఫికెట్ అప్‌లోడ్ చేయాలి. స్కాలర్‌షిప్ వస్తున్నా ప్రాజెక్టు చేయక ఈ సొమ్ము వదిలేసుకునేవాళ్లున్నారు. ఇన్‌స్పైర్ ఉన్న విద్యార్థి ప్రొఫెసర్‌కు రాసేటప్పుడు ఆ సంగతి మొదటి పేరాలోనే చెప్పాలి. ఎందుకంటే ఆయన ల్యాబు మీద స్టైపెండ్ భారం పడదు. ఇది బీటెక్ వాళ్లకు వర్తించదు.

దగ్గర్లోనూ మంచి చోట్లు ఉన్నాయి. ఐఐటీ తిరుపతి, సైన్స్ చదువుల కేంద్ర సంస్థ ఐసర్ తిరుపతి రెండూ ఏర్పేడు దగ్గరే. గూడూరు నుంచి రేణిగుంట వెళ్లే లైన్లో వెంకటగిరి, శ్రీకాళహస్తి దాటాక ఏర్పేడు స్టేషన్ వస్తుంది. వాతావరణం, రాడార్, సిగ్నల్ ప్రాసెసింగ్ మీద మనసున్న ఈసీఈ, ఫిజిక్స్ వాళ్లకు తిరుపతి దగ్గర గాదంకిలో నేషనల్ అట్మాస్ఫియరిక్ రీసెర్చ్ ల్యాబొరేటరీ ఉంది. ఆక్వా మీద పని చేయాలనుకునేవాళ్లకు ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీ, చెన్నైలోని ఉప్పునీటి ఆక్వా పరిశోధన సంస్థ సీబా ఉన్నాయి. వరి మీదైతే నెల్లూరులోనే వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది.

డబ్బు కట్టి చేరే "ఇంటర్న్‌షిప్"ల సంగతి కూడా చెప్పాలి. దరఖాస్తు రుసుం కొద్దిగా ఎక్కడన్నా ఉండొచ్చు, హాస్టల్, మెస్ ఖర్చు ఉండొచ్చు. ట్రైనింగ్ ఫీజు కట్టించుకుని, నాలుగు వారాల వీడియోలు చూపించి సర్టిఫికెట్ ఇచ్చేది రీసెర్చ్ కాదు. రేపు ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో "నువ్వు ఏం కొలిచావు, ఏం తేలింది" అని అడిగితే ఆ సర్టిఫికెట్ దగ్గర జవాబుండదు.

ఆ నాలుగు పేరాలు

దరఖాస్తులో మీరేం చేయాలనుకుంటున్నారో సుమారు 250 పదాల్లో రాయమంటారు. చాలామంది ఇలా రాస్తారు: "నాకు చిన్నప్పటినుంచీ సైన్స్ అంటే ప్రాణం. మీ గొప్ప సంస్థలో పనిచేసే అవకాశం ఇస్తే నా జ్ఞానాన్ని పెంచుకుంటాను." దరఖాస్తులు వడపోసే వ్యక్తికి ఇది చదివాక ఆ విద్యార్థి గురించి ఒక్క ముక్క కూడా తెలియదు. కెమిస్ట్రీ పేరు తీసి జువాలజీ అని పెట్టినా ఆ పేరా అలాగే సరిపోతుంది. అదే దాని లోపం.

మన జిల్లాల పిల్లలకు ఒక బలం ఉంది. ప్రశ్నలు ఇంటి ముందే ఉన్నాయి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ రాయి ఉంది, దాని పొడి ఉంది. తీరం పొడుగునా రొయ్యల గుంటలున్నాయి. కనిగిరి వైపు బోర్లలో ఫ్లోరైడ్ ఉంది. నేలటూరు దగ్గర థర్మల్ బూడిద ఉంది. వాటిని సైన్స్ ప్రశ్నగా ఎలా మార్చాలో ఫ్లోరైడ్ మీదే చూద్దాం.

"మా ప్రాంతంలో ఫ్లోరైడ్ సమస్య ఉంది, పరిష్కారం కనిపెట్టాలని ఉంది" అంటే అది ఇంకా ప్రశ్న కాలేదు. ఇలా రాయండి: "మా ఊళ్లో పక్కపక్క వీధుల్లోని రెండు బోర్లలో ఫ్లోరైడ్ ఒకేలా ఉండదు. ఫ్లోరైడ్ ఉన్న రాళ్లు కరిగేటప్పుడు నీళ్లలో కాల్షియం తక్కువగా, బైకార్బొనేట్ ఎక్కువగా ఉంటే ఫ్లోరైడ్ ఎక్కువ నిలుస్తుందని చదివాను. బోరు లోతుతో పాటు కాల్షియం కూడా కొలిస్తే ఈ తేడాకు కారణం దొరుకుతుందా అన్నది నా ప్రశ్న." తర్వాతి పేరాలో మీకేం వచ్చో చెప్పండి: "కాలేజీ ల్యాబులో ఈడీటీఏ టైట్రేషన్‌తో కాఠిన్యం కొలిచాను. అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్ వాడలేదు, అది నేర్చుకోవాలి." రానిది రాదని రాస్తే మార్కులు తగ్గవు. ఏం నేర్పాలో గైడుకు తెలుస్తుంది.

ఇంకాస్త ముందుకెళ్లి, దరఖాస్తుకు ముందే పది బోర్ల నీళ్లు పరీక్షించి ఆ పట్టిక గురించి ఒక వాక్యం రాయగలిగితే మీ ఫారం మిగతావాటి మధ్య ప్రత్యేకంగా కనిపిస్తుంది. కాలేజీలో కలరీమీటరో స్పెక్ట్రోఫొటోమీటరో ఉంటే స్పాడ్న్స్ అనే రంగు రసాయనంతో చేసే పద్ధతి చాలు. జిర్కోనియంతో కలిసిన ఎర్ర రంగును ఫ్లోరైడ్ విరగ్గొడుతుంది. ఫ్లోరైడ్ ఎక్కువయ్యేకొద్దీ రంగు పలచబడుతుంది. 570 నానోమీటర్ల దగ్గర రీడింగ్ తీస్తారు. సాధారణంగా మూడు తప్పులు జరుగుతాయి. నీళ్లు గాజు సీసాలో పట్టడం మొదటిది. ఫ్లోరైడ్ గాజుతో చర్య జరుపుతుంది కాబట్టి ప్లాస్టిక్ సీసానే వాడాలి. రెండోది, ఈ పద్ధతి లీటరుకు 1.4 మిల్లీగ్రాముల వరకే సరళరేఖలో నడుస్తుంది. అంతకు మించిన నమూనాను డిస్టిల్డ్ వాటర్‌తో సగానికో పావుకో పలచన చేసి, వచ్చిన అంకెను 2తోనో 4తోనో గుణించాలి. అలా చేయకపోతే ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న బోర్లన్నీ ఒకే అంకె చూపిస్తాయి. మూడోది క్లోరిన్. కుళాయి నీళ్లలో మిగిలిన క్లోరిన్ రంగును తానే పోగొట్టి ఫ్లోరైడ్ ఎక్కువున్నట్టు చూపిస్తుంది. తాగునీటికి మన ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు లేనప్పుడు 1.5 వరకు. మీ పట్టికను ఆ గీతకు పైనా కిందా విడగొట్టి చూపించండి.

ల్యాబే లేనివాళ్లకు, ముఖ్యంగా సీఎస్ఈ, సివిల్ వాళ్లకు, ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి. యూరప్ ఉపగ్రహం సెంటినెల్-2 చిత్రంలో ఒక పిక్సెల్ (చిత్రంలోని ఒక్కో గడి) పొడవు, వెడల్పు 10 మీటర్లు, అంటే 100 చదరపు మీటర్లు. ఎకరం గుంట సుమారు 4,047 చదరపు మీటర్లు కాబట్టి అందులో 40 పిక్సెళ్లు పడతాయి. కావలి నుంచి కృష్ణపట్నం దాకా తీరంలో గుంటల విస్తీర్ణం ఏడాదికేడాది ఎలా మారిందో ఉపగ్రహ చిత్రాలను ఆన్‌లైన్లోనే విశ్లేషించే గూగుల్ ఎర్త్ ఇంజిన్‌లో లెక్క కట్టొచ్చు. ఒక్కో రకం కాంతిని విడిగా కొలిచిన పొరను బ్యాండు అంటారు. ఆకుపచ్చ బ్యాండు నుంచి నియర్ ఇన్‌ఫ్రారెడ్ బ్యాండు తీసేసి, ఆ రెండింటి మొత్తంతో భాగిస్తే నీటి సూచిక వస్తుంది. ఆ రెండు బ్యాండ్లు బీ3, బీ8. గట్ల మీద పడే పిక్సెళ్లలో సగం నీళ్లు, సగం మట్టి ఉంటాయి. చిన్న గుంటల్లో అందుకే విస్తీర్ణం తప్పుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరం మీద మబ్బులే. ఆ నెలలకు మబ్బులు అడ్డురాని సెంటినెల్-1 రాడార్ చిత్రం వాడాలి, లేదంటే ఫిబ్రవరి, మార్చి చిత్రాలే తీసుకోవాలి. వరి మడిలో నిలిచిన నీళ్లు కూడా గుంటలాగే కనిపిస్తాయి. ఏడాదంతా నీళ్లున్న చోటును మాత్రమే గుంటగా లెక్కేస్తే ఆ పొరపాటు తగ్గుతుంది. ఇంత పని చేసిన విద్యార్థి "నాకు పైథాన్ వచ్చు" అని వేరే చెప్పుకోనక్కర్లేదు.

ప్రొఫెసర్‌కు ఉత్తరం

కార్యక్రమాలతో పాటు నేరుగా కూడా రాయాలి. ఒకే మెయిల్‌ను వందమందికి పంపడం కంటే పదిమందికి విడివిడిగా రాయడం మేలు. ఒక్కొక్కరిదీ ఇటీవలి పేపరు ఒకటి చదవండి. మొత్తం అర్థం కాకపోయినా సారాంశం, పటాలు, ముగింపు చదివితే ఒక ప్రశ్న పుడుతుంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ కాలేజీల వాళ్లకు 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర పథకం కింద వేల పరిశోధన పత్రికలు ఉచితంగా తెరుచుకుంటాయి. లాగిన్ కోసం మీ లైబ్రేరియన్‌ను అడగండి. ప్రైవేటు కాలేజీ వాళ్లు గూగుల్ స్కాలర్‌లో పేరు పక్కన పీడీఎఫ్ ఉందేమో చూడండి, లేదంటే ఆ పేపరు రాసినవాళ్లనే అడగండి. అడిగితే ఎక్కువమంది పంపుతారు.

మెయిల్ ఇంగ్లిష్‌లోనే రాస్తారు కాబట్టి ఏ వాక్యంలో ఏముండాలో చెబుతాను. సబ్జెక్ట్ లైన్లో పని, నెలలు, మీ కోర్సు: "వేసవి ప్రాజెక్టు, మే 15 నుంచి జులై 10, బీఎస్సీ రెండో సంవత్సరం కెమిస్ట్రీ". మొదటి వాక్యంలో మీరెవరు, ఏ ఊరు, ఏ కాలేజీ. రెండో వాక్యంలో వారి ఏ పేపరు చదివారు, అందులో ఏ పటం దగ్గర ఏ సందేహం వచ్చింది. మూడు, నాలుగు వాక్యాల్లో మీరు ఇప్పటిదాకా చేసిన పని, వచ్చిన అంకె. ఐదో వాక్యంలో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా రాగలరు, స్టైపెండ్ కావాలా అక్కర్లేదా. అంతే. 150 పదాలు దాటకూడదు. ఒక పేజీ బయోడేటా పీడీఎఫ్‌గా పెట్టండి, ఫైలు పేరు మీ పేరే ఉండాలి.

ఒకరికి రాసింది ఇంకొకరికి అతికించేటప్పుడు పాత పేరు అలాగే ఉండిపోవడం, మేడమ్‌కు "రెస్పెక్టెడ్ సర్" అని పోవడం, రెండు ఫాంట్లు కలిసి కనిపించడం వంటివి కనబడితే అక్కడితో ఆ మెయిల్ పని అయిపోయినట్టే. మంగళవారమో బుధవారమో ఉదయం పంపండి. పది రోజులకు జవాబు రాకపోతే అదే మెయిల్‌కు రిప్లైగా రెండు వాక్యాలు రాయండి. ఆ తర్వాత ఆగిపోండి. జవాబు రాకపోవడానికి ల్యాబులో చోటు లేకపోవడం, గ్రాంటు అయిపోవడం వంటి కారణాలే ఎక్కువ. దాన్ని మీ శక్తి మీద తీర్పుగా తీసుకోకండి.

కాగితాలు

మన దగ్గర కాగితాల్లో ముందు తగిలే చిక్కు పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, బ్యాంకు పాస్‌బుక్‌లో పేరు తర్వాత ఇంటిపేరు. దరఖాస్తులో టెన్త్ మెమో ప్రకారమే రాయండి. బ్యాంకు ఖాతా పేరు దానికి సరిపోయేలా ముందే మార్పించుకోండి. లేకపోతే స్టైపెండ్ వెనక్కి పోయి, దాన్ని మళ్లీ రప్పించుకోవడానికి నెలలు పడుతుంది. మైనర్‌గా ఉన్నప్పుడు తెరిచిన ఖాతా అయితే పూర్తి ఖాతాగా మారిందో లేదో బ్యాంకుకెళ్లి అడగండి.

సీజీపీఏను శాతంగా మార్చమన్నప్పుడు 10తో గుణించేయకండి. మీ రెగ్యులేషన్ పుస్తకంలో ఉన్న సూత్రమే వాడాలి. సీజీపీఏలో 0.75 తీసేసి 10తో గుణించాలన్న సూత్రం ఉంటే 8.2 అంటే 74.5 శాతం, 82 కాదు. తప్పు లెక్కతో ఎంపికైతే కాగితాల పరిశీలనలో సీటు పోతుంది.

సిఫార్సు ఉత్తరం కోసం మేష్టారికి కనీసం మూడు వారాలు గడువివ్వండి. మీకు ఎక్కువ మార్కులు వేసినాయన కంటే, ల్యాబులో మీ చేతిపని చూసినాయన రాస్తే ఉత్తరంలో విషయం ఉంటుంది. మీ రైటప్, మార్కుల కాపీ, మీరు చేసిన ఒకటి రెండు పనులు ఒక కాగితం మీద రాసి ఆయన చేతికివ్వండి. చాలాచోట్ల లింకు నేరుగా ఆయన మెయిల్‌కే వెళ్తుంది. అది స్పామ్‌లో పడే అవకాశం ఎక్కువ. లింకు వెళ్లిన రోజే "సర్, ఒకసారి స్పామ్ ఫోల్డర్ కూడా చూడండి" అని ఫోన్ చేయండి. కాలేజీ మెయిల్ ఉన్న మేష్టారైతే ఇంకా మంచిది.

చివరి రోజు దాకా ఆగకండి. అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండం వచ్చిందంటే మన తీరంలో కరెంటు రెండు రోజులు, నెట్ మూడు రోజులు పోవడం మామూలే. గడువు బెంగళూరులో ఉన్నవాళ్ల గడియారం ప్రకారమే ముగుస్తుంది. గడువుకు పది రోజుల ముందే సబ్మిట్ నొక్కి, రసీదు పీడీఎఫ్ ఫోన్‌లోనూ మెయిల్‌లోనూ దాచుకోండి.

సీటు వచ్చాక

అంగీకారం తెలపాల్సిన తేదీ దాటితే సీటు తర్వాతివాళ్లకు పోతుంది. ముందు అది నొక్కండి. అదే వారంలో గైడుకు రాసి చదవాల్సిన పేపర్లు రెండు, మూడు అడగండి. తర్వాత మీ విభాగాధిపతి (హెచ్‌ఓడీ) దగ్గర ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, తీసుకోండి. సెమిస్టర్ పరీక్షలు జూన్‌లోకి జరిగితే ఏం చేయాలన్నది మన పిల్లలకు ఏటా వచ్చే ఇబ్బంది. పరీక్షల టైంటేబుల్ రాకముందే గైడుకు చెప్పి, చేరే తేదీని రెండు వారాలు అటూ ఇటూ జరుపుకునే వీలు అడిగి ఉంచండి. ముందే చెబితే చాలామంది ఒప్పుకుంటారు. మధ్యలో పరీక్షలని వెళ్లిపోతే పని తెగిపోతుంది. మన రాష్ట్రంలో డిగ్రీకి ఇంటర్న్‌షిప్ ఎలాగూ తప్పనిసరి. ఈ రెండు నెలలనే దాని కింద లెక్కేస్తారా అని ప్రిన్సిపాల్‌ను రాతపూర్వకంగా అడగండి. నోటిమాట మీద ఉండకండి.

ఇంట్లోవాళ్లు మొదట అడిగేది వసతి గురించే, ముఖ్యంగా అమ్మాయిల ఇళ్లలో. క్యాంపస్ హాస్టల్ ఇస్తారో లేదో సెలెక్షన్ లెటర్ చూసి చెప్పండి. లేకపోతే గైడు ఆఫీసుకు రాసి కనుక్కోండి. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. మే నెలలో హైదరాబాద్‌కు సింహపురి, బెంగళూరుకు శేషాద్రి బెర్తులు పెళ్లిళ్ల రద్దీకి త్వరగా నిండిపోతాయి. టికెట్ కాగితం దాచండి, ఛార్జీ తిరిగి రావాలంటే అది కావాలి. స్టైపెండ్ చాలాసార్లు ఆలస్యంగా పడుతుంది కాబట్టి ఒక నెల మెస్, గది ఖర్చు చేతిలో పెట్టుకుని వెళ్లండి.

ఎనిమిది వారాలంటే 40 పనిదినాలే. మొదటి వారం గేట్‌పాస్, ఐడీ, సేఫ్టీ క్లాసులకే పోతుంది. ఎక్స్ఆర్‌డీ, ఎన్ఎంఆర్ వంటి పరికరాలకు క్యూ ఉంటుంది కాబట్టి ఏ నమూనా ఎప్పుడు పెట్టాలో రెండో వారంలోనే గైడుతో మాట్లాడి స్లాటు రాయించుకోండి. ఐదో వారంలో అడిగితే మీరు ఊరికొచ్చాక రిజల్టు వస్తుంది. పేజీ నంబర్లున్న గట్టి అట్ట నోటుబుక్కు ఒకటి, పెన్ను. పెన్సిల్ వద్దు. తేదీ, తూకం, ఉష్ణోగ్రత, రసాయనం సీసా మీది బ్యాచ్ నంబరు ఏ రోజుకారోజు రాయండి. తప్పు పడితే ఒక్క గీత కొట్టి పక్కన సరిది రాయండి, పేజీ చింపకండి. విఫలమైన ప్రయోగం కూడా రాయాలి. ఆరో వారంలో గైడు "అప్పుడు ఎందుకు రాలేదు" అని అడిగేది దాని గురించే.

ప్రతి శనివారం ఒక పేజీ రాసి గైడుకు పంపండి: ఏం చేశాను, ఏం వచ్చింది, ఎక్కడ ఆగిపోయాను. ఎనిమిది పేజీలు పోగైతే రిపోర్టు సగం అయినట్టే. ఏడో వారంలో కొత్త ప్రయోగం మొదలుపెట్టకండి. పటాలు గీయండి, అక్షాల మీద యూనిట్లు రాయండి, ఒక్కో కొలతను మూడేసిసార్లు తీసి తేడా ఎంతో చూపించండి. వచ్చేటప్పుడు డేటా మొత్తం ల్యాబు కంప్యూటర్లో ఒక కాపీ ఉంచి, మీ దగ్గరకు తీసుకెళ్లొచ్చా అని గైడును అడగండి. ఆ డేటా ల్యాబుది. అనుమతి లేకుండా కాలేజీ సెమినార్లోగానీ లింక్డ్‌ఇన్‌లోగానీ పెట్టకూడదు. రిపోర్టు మీద గైడు సంతకం ఊరు కదిలే ముందే తీసుకోండి. తర్వాత కొరియర్లో తెప్పించుకోవాలంటే ఆగస్టు దాటిపోతుంది.